ఆదివారం మ్యాట్నీ, నేల టికెట్

సోమవారం, వాషింగ్టన్

"ఆ హార్డ్‌కోర్ కచేరీల్లో కొట్టుకుంటారటగా?" పులిహోర డబ్బా బ్యాగులో కుక్కుతూ మా అక్క మూడోసారి అడిగింది.

"కొట్టుకోరు మమ్మీ, అది డాన్స్."

"పళ్ళు రాలే డాన్సేమిటే?" అని కూతుర్ని కసిరి నావైపు తిరిగింది. "దానికి బుద్ధి లేదు సరే, యాభై దగ్గరపడ్డాక నీకేమొచ్చిందిరా?"

నాకొచ్చిన జబ్బు పేరు క్యాసెట్. 1996లో విజయవాడలో డిగ్రీ చదివేటప్పుడు మా రూమ్మేటుకి వాళ్ళన్నయ్య అమెరికా నుంచి టీడీకే 90 ఒకటి పంపాడు. ఒక వైపు మైనర్ థ్రెట్ అనే బ్యాండు పాటలన్నీ, 26. మొత్తం 47 నిమిషాలు. టేపు ఒక పక్క 45 నిమిషాలే కాబట్టి చివరి పాట మధ్యలో టక్కున తెగిపోయేది. రెండో వైపు క్రో-మ్యాగ్స్ అనే ఇంకో బ్యాండు. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు గానీ, సప్లిమెంటరీ రాసే రోజుల్లో ఆ కోపం బాగా పనికొచ్చింది. రెండు వైపులా ఒకే కోపమనుకున్నాను. ఒకటి వాషింగ్టన్, ఇంకోటి న్యూయార్క్, అవి రెండు వేరే ఊళ్ళని, ఆ ఊళ్ళకి ఒకదానితో ఒకదానికి పడేది కాదని ఇన్నేళ్ళకి మా మేనకోడలు చిన్ని చెప్పింది. చిన్నికి 24. వర్జీనియాలో ఉద్యోగం, శనాదివారాలు ఒక బ్యాండులో బేస్ గిటార్. "వారం సెలవు పెడతా మావయ్యా, బస్సుల్లో తిరిగొద్దాం, నీ క్యాసెట్ రెండు వైపులూ చూపిస్తా" అంది. అలా బయల్దేరాం.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. న్యూయార్క్, లండన్‌లలో పుట్టిన పంక్ అనే మోటు రాక్ సంగీతం వేడి తగ్గుతున్న రోజుల్లో, 1980 ప్రాంతంలో, అమెరికాలో ఇంకా మీసాలు రాని పిల్లలు దాన్ని అందుకుని వేగం పెంచేశారు. అదే హార్డ్‌కోర్. నిమిషం, నిమిషంన్నర పాటలు. సోలోలు లేవు, ప్రేమ కబుర్లు లేవు. కాలిఫోర్నియాలో హెర్మోసా బీచ్ వాళ్ళు బ్లాక్ ఫ్లాగ్, కెనడాలో వాంకూవర్ వాళ్ళు డి.ఓ.ఎ. ముందు నడిచారు. ఈ రెండోవాళ్ళు 1981లో వేసిన 'హార్డ్‌కోర్ 81' ఆల్బమ్‌తో ఆ పేరు నోళ్ళలో పడింది.

వాషింగ్టన్‌లో మెట్రో దిగి ముందు ఎఫ్ స్ట్రీట్ వెళ్ళాం. 930 నంబరు. 1980 మే నెలాఖరున 9:30 క్లబ్ ఇక్కడే తెరిచారు. 199 మందికే చోటు. 1996లో క్లబ్ వేరే వీధిలోకి, ఇంతకు ఆరింతల హాల్లోకి మారిపోయింది. ఇక్కడ పాత భవనం ముఖం మాత్రం ఉంచి వెనక అంతా కొత్తగా కట్టేశారు. మెళ్ళో ఐడీ కార్డులు వేలాడేసుకున్నవాళ్ళు లోపలికీ బయటికీ తిరుగుతున్నారు. చూడ్డానికేమీ లేదు. అయినా చిన్ని చెప్పే కథ వినడానికి ఆ గుమ్మమే మంచి చోటు.

టీన్ ఐడిల్స్ అని ఈ ఊరి స్కూలు పిల్లల బ్యాండు 1980లో పాడటానికి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళింది. అక్కడి మబుహే గార్డెన్స్ అనే క్లబ్బులో, మైనర్లకి మందు పోయకుండా గుర్తు కోసం చేతి వెనక పెద్ద ఇంటూ గుర్తు గీశారు. పిల్లలు ఊరికి తిరిగొచ్చి ఇదే ఉపాయం 9:30 క్లబ్ వాళ్ళకి చెప్పారు. మాకు మందొద్దు, పాటలు వినాలి. గుర్తున్న చేతిలో గ్లాసు కనబడితే ఇంక రానివ్వకండి, అని. అలా గుమ్మం తెరుచుకుంది. మందు తాగొద్దని చెప్పే ముద్రని వాళ్ళు మెడల్‌లా పెట్టుకున్నారు. ఆ బ్యాండు విడిపోయి మైనర్ థ్రెట్ అయ్యాక దాని గాయకుడు ఇయాన్ మకాయ్ రాసిన 46 సెకన్ల పాట నుంచి 'స్ట్రెయిట్ ఎడ్జ్' అనే మాట పుట్టింది: తాగను, మత్తు తీసుకోను. మా క్యాసెట్ మొదటి వైపు గుట్టు ఇదన్నమాట. రూమ్‌లో బీరు తాగుతూ ఆ పాటకి ఊగిపోయేవాళ్ళం!

అక్కణ్ణుంచి రెండడుగులేస్తే మార్టిన్ లూథర్ కింగ్ లైబ్రరీ. ప్రభుత్వ లైబ్రరీలో 2014 నుంచి పంక్ ఆర్కైవ్ నడుపుతున్నారంటే నేను నమ్మలేదు. బూడిద రంగు అట్టపెట్టెలు, పెన్సిలు తప్ప పెన్ను రానివ్వరు. టీన్ ఐడిల్స్ మొదటి రికార్డు చేతిలోకొచ్చింది. కచేరీల మీద వచ్చి ఏడాదిగా దాచిన 600 డాలర్లు పంచుకోకుండా, 'డిస్కార్డ్' అని సొంత లేబుల్ పెట్టుకుని వెయ్యి కాపీలు వేశారు. అట్టలు కత్తిరించి, మడిచి, జిగురు రాసిందంతా చేత్తోనే. నేను చూసిన కాపీ అట్ట ఒక అంచు నిటారుగా లేదు, కత్తెర మధ్యలో ఆగి మళ్ళీ బయల్దేరినట్టు చిన్న మెట్టు ఉంది. లోపలి మడత దగ్గర జిగురు ముదిరి టీ మరకలా అయింది. పెళ్ళి శుభలేఖలకి పసుపు పెట్టే పని మీద కూర్చోబెట్టిన పిల్లల్లాగా, కబుర్లు చెప్పుకుంటూ వెయ్యి అట్టలు అతికించి ఉంటారు.

ఈ ఊరి కథలో మొదట చెప్పాల్సింది నిజానికి వీళ్ళ గురించి కాదు, బ్యాడ్ బ్రెయిన్స్ గురించి. నలుగురు నల్లజాతి యువకులు, అంతకుముందు జాజ్ ఫ్యూజన్ వాయించినవాళ్ళు, చేతి పట్టు ఉన్నవాళ్ళు. ఆ వేగంలోనూ ఒక్క దెబ్బ తప్పదు. మిగతా పిల్లలందరూ వాళ్ళని చూసే నేర్చుకున్నారు. వాళ్ళ 1982 ఆల్బమ్ మొదట క్యాసెట్‌గానే వచ్చింది: పసుప్పచ్చ అట్ట, పార్లమెంటు గుమ్మటం మీద పిడుగు. అప్పటికే వాళ్ళు న్యూయార్క్ మకాం మార్చారు. సొంత ఊరి క్లబ్బులు గుమ్మం తీయకపోతే ఏం చేస్తారు? ఆ మాటే పాటగా కట్టారు కూడా. సాయంత్రం ఆ గుమ్మటం ఎదుట బల్ల మీద కూర్చుని పులిహోర తిన్నాం. పిడుగు పడలేదు, ఉడతలొచ్చాయి.

మంగళవారం, ఇంకా వాషింగ్టన్

మకాయ్ వాళ్ళ బ్యాండు మెట్ల మీద కూర్చున్న ప్రసిద్ధమైన ఫొటో ఉంది కదా, ఆర్లింగ్టన్‌లో ఆ ఇల్లు చూద్దామన్నాను. చిన్ని ఒప్పుకోలేదు. "అది ఇల్లు మావయ్యా. మనింటి ముందు ఎవరో నిలబడి ఫొటోలు తీస్తే మమ్మీ ఊరుకుంటుందా?" ఊరుకోదు.

బదులుగా మసాచుసెట్స్ అవెన్యూ మీద నడిచాం. మన రాయబార కార్యాలయం దగ్గర కర్ర పట్టుకుని గాంధీ. అక్కణ్ణుంచి ఎగువకి అరగంట పైన నడిస్తే దక్షిణాఫ్రికా ఎంబసీ ముందు పిడికిలెత్తిన మండేలా. 1985 జూన్‌లో ఈ పేవ్‌మెంట్ మీదే పంక్ పిల్లలు వర్ణవివక్షకి నిరసనగా డబ్బాలు, బకెట్లు, దొరికిన రేకు ముక్కలన్నీ తెచ్చి వాయించారు. గిటార్లు లేవు, మైకులు లేవు. ఉత్త దరువు. మనూళ్ళో ఊరేగింపు ముందు డప్పు నడిచినట్టే అని చిన్నికి చెప్పాను. డప్పు అంటే యూట్యూబ్‌లో చూసిందట.

ఆ వేసవికి వాళ్ళు పెట్టుకున్న పేరు రెవల్యూషన్ సమ్మర్. దాని వెనక సంగతి నాకు బాగా నచ్చింది. 1983, 84 నాటికి కచేరీలకి వచ్చేవాళ్ళలో కొట్టుకోవడానికే వచ్చేవాళ్ళు పెరిగారు. మొదలుపెట్టినవాళ్ళకే విసుగెత్తింది. అమీ పికరింగ్ అనే అమ్మాయి, తర్వాత ఫైర్ పార్టీ అనే ఆడవాళ్ళ బ్యాండులో పాడింది, తోటివాళ్ళందరికీ ఆకాశరామన్న ఉత్తరాలు రాసి నిద్ర లేపింది. రైట్స్ ఆఫ్ స్ప్రింగ్, ఎంబ్రేస్ లాంటి కొత్త బ్యాండ్లు వచ్చాయి. వేగం తగ్గింది, ఏడుపు పెరిగింది అని గిట్టనివాళ్ళు అన్నారు. తాము పెట్టిన పద్ధతి చెడిపోతే తామే దాన్ని వదిలేసి వేరేది కట్టుకోవడం మాత్రం మిగతా ఊళ్ళలో నాకు ఇంత స్పష్టంగా కనబడలేదు.

మధ్యాహ్నం ఫోర్ట్ రీనో. ఊళ్ళో అన్నిటికంటే ఎత్తయిన నేల, నీళ్ళ ట్యాంకులు, ఎదురుగా హైస్కూలు. 1968 నుంచి వేసవి సాయంత్రాలు ఇక్కడ ఉచితంగా కచేరీలు పెడుతున్నారు. మకాయ్ తర్వాతి బ్యాండు ఫుగాజీ ఎన్నోసార్లు ఈ గడ్డిలో వాయించింది. టికెట్ పెట్టిన చోట కూడా అప్పట్లో వాళ్ళది ఐదు డాలర్లే, ఏ వయసువాళ్ళయినా రావచ్చు. అక్టోబరు చివర కాబట్టి మాకు దక్కింది ఎండుటాకులు, కుక్కని తిప్పుతున్న ఒక ముసలాయన. చిన్ని గడ్డిలో వెల్లకిలా పడుకుని అంది: "వీళ్ళ నాన్నలు గవర్నమెంట్‌లోనో పేపర్లలోనో పనిచేసేవాళ్ళు మావయ్యా. హాలు ఎలా అడగాలో, పర్మిషన్ ఎలా తేవాలో వీళ్ళకి ఇంట్లోనే తెలుసు." మకాయ్ తండ్రి వాషింగ్టన్ పోస్ట్‌లో మత వ్యవహారాలు రాసేవాడు. చర్చి హాలు, స్కూలు హాలు, పార్కు అడిగి తెచ్చుకునే ఒడుపు ఆ సంగీతంలో కూడా వినబడుతుందని నాకప్పుడే అనిపించింది. కోపమే, కానీ పళ్ళు తోముకుని వచ్చిన కోపం.

బుధవారం, ఫిలడెల్ఫియా

మధ్యలో ఆగాం, అంతే. చెస్ట్‌నట్ స్ట్రీట్‌లో ఫస్ట్ యూనిటేరియన్ చర్చి. ఫ్రాంక్ ఫర్నెస్ అనే పేరున్న ఆర్కిటెక్ట్ 1880లలో కట్టిన రాతి భవనం. పైన ప్రార్థనలు. కింద సెల్లార్‌లో 1990ల చివరి నుంచి పంక్, హార్డ్‌కోర్ కచేరీలు. మందు లేదు, వయసు పట్టింపు లేదు. తలుపు వేసుంది, కిటికీలోంచి తొంగిచూస్తే మడత కుర్చీలు, నీటి పైపులు. సెల్లార్ కప్పు చెయ్యెత్తితే అందుతుంది. చిన్ని కాలేజీ రోజుల్లో ఇక్కడ పైపు పట్టుకుని వేలాడిందట. వాళ్ళమ్మకి చెప్పొద్దంది. ఇక్కడ రాస్తున్నాను, మా అక్క ఇవేమీ చదవదు.

గురువారం, న్యూయార్క్

ఇప్పుడు క్యాసెట్ రెండో వైపు.

లోయర్ ఈస్ట్ సైడ్‌లో దిగగానే నా కళ్ళు వెతికింది క్లబ్బుల్ని కాదు, సెకండ్ అవెన్యూలో 26 నంబరు కొట్టుని. ఇస్కాన్ స్థాపించిన భక్తివేదాంత స్వామి 69వ ఏట, 1965లో, సరుకుల ఓడ ఎక్కి చేతిలో నలభై రూపాయలతో అమెరికా వచ్చి, మరుసటి సంవత్సరం తన మొదటి గుడి తెరిచింది ఈ కొట్లో. పాత దుకాణం బోర్డు 'మ్యాచ్‌లెస్ గిఫ్ట్స్' తీయకుండానే హరే కృష్ణ మొదలుపెట్టారు. కొన్ని సందులవతల టాంప్కిన్స్ స్క్వేర్ పార్కులో ఒక ఎల్మ్ చెట్టు. 1966 అక్టోబరు 9న దాని కింద ఆయన బహిరంగంగా సంకీర్తన చేశారని పార్కు వాళ్ళు బోర్డు పెట్టారు. చెట్టు మొదట్లో ఎవరో బంతిపూలు పెట్టి వెళ్ళారు, మన గుళ్ళో రావిచెట్టుకి పెట్టినట్టే.

దీనికీ హార్డ్‌కోర్‌కీ ఏమిటి సంబంధం అంటారా? 1980ల మొదట్లో ఈ పేటలో చాలా ఇళ్ళు పాడుబడి ఉండేవి. హెరాయిన్ వీధిలోనే అమ్మేవాళ్ళు. ఇల్లు వదిలేసినవాళ్ళు, ఇల్లే లేనివాళ్ళు ఆ పాడు కొంపల్లో దూరి బతికేవాళ్ళు. హార్లీ ఫ్లానగన్ పన్నెండేళ్ళకే ఒక బ్యాండులో డ్రమ్స్ వాయిస్తూ ఇక్కడ పెరిగాడు. తర్వాత అతను, జాన్ జోసెఫ్ కలిసి నిలబెట్టిందే క్రో-మ్యాగ్స్. ఇద్దరూ కృష్ణ భక్తుల వైపు తిరిగారు. పేటలో కడుపు నిండా ఉచితంగా పెట్టేది వాళ్ళే మరి. 1986లో వచ్చిన ఆ మొదటి ఆల్బమ్ పేరు 'ది ఏజ్ ఆఫ్ క్వారెల్'. అట్ట మీద అణుబాంబు పొగ. విజయవాడ రూమ్‌లో ఆ పేరు వందసార్లు చదివాను. కలహ యుగం. కలియుగం! మా అమ్మమ్మ పాలు విరిగినా, పక్కింటివాళ్ళ పిల్ల లేచిపోయినా 'కలికాలం' అని ఒక్క మాటలో తేల్చేసేది. అదే మాట న్యూయార్క్ వీధి కుర్రాళ్ళు ఆల్బమ్ పేరుగా పెట్టుకుంటే మనకి తట్టలేదు. చెట్టు కింద నుంచుని నవ్వుకుంటుంటే చిన్ని "ఏమైంది మావయ్యా" అని కంగారుపడింది.

పార్కు మూలన, అవెన్యూ ఏ, ఏడో వీధి కూడలిలో ఇప్పుడు బార్ ఉన్న చోట ఏ7 అనే చిన్న గది ఉండేది. ఇరవై ఐదు మంది చేరితే కిక్కిరిసినట్టుండే గదట. స్టేజీ నేలకి చెయ్యెడు ఎత్తు. ఆగ్నోస్టిక్ ఫ్రంట్ లాంటి బ్యాండ్లు ఇక్కడ తయారయ్యాయి. ఆ బ్యాండు గాయకుడు రోజర్ మిరెట్ హవానాలో పుట్టినవాడు. వాషింగ్టన్ పిల్లలు హాలు అడిగి తెచ్చుకుంటే, ఇక్కడి పిల్లలు ఉన్న గదిని పట్టుకుని కూర్చున్నారు. పాట కూడా అలాగే మారింది. వేగం మధ్యలో ఒక్కసారి ఆగి, బరువుగా, కాళ్ళీడ్చినట్టు వాయించే భాగాలు న్యూయార్క్ వాళ్ళ ముద్ర. గది ఇరుకైతే ఉరకడానికి చోటుండదు, తొక్కడానికే ఉంటుంది. ఇది నా సిద్ధాంతం, చిన్ని ఒప్పుకోలేదు. హెవీ మెటల్ రాక్ విన్నారు కాబట్టి అలా వాయించారంతే అంటుంది.

బౌరీ వీధి 315. సీబీజీబీ క్లబ్. 1973లో హిలీ క్రిస్టల్ కంట్రీ, బ్లూగ్రాస్, బ్లూస్ పాటల కోసమని పెడితే పంక్‌కి పుట్టిల్లయింది. 1980లలో ఆదివారం మధ్యాహ్నాలు ఇక్కడ హార్డ్‌కోర్ మ్యాట్నీలు. మ్యాట్నీ! ఆ మాట వినగానే నాకు ఎండలో క్యూ, పావలా గోళీ సోడా గుర్తొచ్చాయి. మధ్యాహ్నం ఆట ఎందుకంటే, స్కూలు పిల్లలు వచ్చి చీకటి పడేలోపు రైలెక్కి ఇంటికి పోవచ్చు. దగ్గర్లో స్తంభానికి ఒక పంక్ గాయకుడి పేరుతో 'జోయి రామోన్ ప్లేస్' బోర్డు ఉంది, జనం ఊరికే పీక్కుపోతున్నారని బాగా పైకి కట్టారు. అద్దె తగాదాలో 2006 అక్టోబరులో క్లబ్ మూతపడింది. తర్వాత అందులోకి ఖరీదైన బట్టల కొట్టు వచ్చింది.

ఆ మ్యాట్నీలు అంతకుముందే కొట్లాటల వల్ల చెడిపోయాయి. 1989 చివర కొంతమంది రివింగ్టన్ స్ట్రీట్‌లో ఏబీసీ నో రియో అనే చోట శనివారం మ్యాట్నీలు మొదలుపెట్టారు. జాతి ద్వేషం, ఆడవాళ్ళని కించపరచడం, స్వలింగ సంపర్కుల మీద విషం, ఈ మూడూ పాడే బ్యాండ్లకి ప్రవేశం లేదు. పాటలు ముందే చదివి చూసేవాళ్ళు. నగరపాలక సంస్థ ఆ శిథిల భవనాన్ని 2006లో వాళ్ళకి ఒక్క డాలరుకి అమ్మింది. 2017లో పడగొట్టేశారు. మేం వెళ్ళేసరికి కంచె, దాని వెనక కట్టుబడి చప్పుళ్ళు.

కంచె దగ్గరే చిన్ని ఒక మాట చెప్పింది. పాత ఫొటోలు చూడు మావయ్యా, ముందు వరసలో అందరూ మగపిల్లలే, అమ్మాయిలు గోడ పక్కన ఉంటారు, చేతుల్లో బాయ్‌ఫ్రెండ్ జాకెట్లు, అని. దానికి పేరే ఉందట, కోట్ హ్యాంగర్. గోడకి కొట్టిన చిలక్కొయ్యలన్నమాట.

శుక్రవారం, క్వీన్స్

మకాం క్వీన్స్‌లో, అక్క స్నేహితురాలింట్లో. పొద్దున్నే ఫ్లషింగ్ గణపతి గుడి. దర్శనం ఐదు నిమిషాలు, కింద క్యాంటీన్‌లో గంట. పేపర్ దోసె ట్రే దాటి వేలాడుతోంది. గొరిల్లా బిస్కెట్స్ అనే బ్యాండు ఈ క్వీన్స్ పిల్లలదే. 1989 నాటికి న్యూయార్క్‌లో ఇంకో పాయ చీలింది: స్ట్రెయిట్ ఎడ్జ్, దానికి తోడు శాకాహారం. కనెక్టికట్ నుంచి వచ్చిన యూత్ ఆఫ్ టుడే అనే బ్యాండు 1988లో మాంసం మానమని పాట కట్టింది. గాయకుడు రే కాపో దాంతో ఆగలేదు. కృష్ణ భక్తుడై రఘునాథ దాస్ అని పేరు పెట్టుకుని షెల్టర్ అనే బ్యాండు పెట్టాడు. ఇంకో బ్యాండు పేరే 108. జపమాల పూసలు!

"నాకు 108 అంటే అంబులెన్స్" అన్నాను. చిన్నికి అర్థం కాలేదు. విడమర్చి చెప్పాక కాఫీ పొలమారింది.

నాకు మాత్రం ఒక సందేహం ఉండిపోయింది. మనకి అమ్మమ్మల ద్వారా అబ్బిన ఉల్లి వెల్లుల్లి లేని వంట ఇక్కడ తిరుగుబాటు అయింది. మన దగ్గర ఎవరు ఏం తింటారన్నది ఎవర్ని గడప అవతల నిలబెట్టాలో తేల్చడానికి వాడారు. ఈ పిల్లలకి ఆ సంగతి ఎవరైనా చెప్పారా? చిన్నిని అడిగితే దోసె తుంచడం ఆపి, "లేదు మావయ్యా, నాకూ ఎవరూ చెప్పలేదు" అంది. మధ్యాహ్నమంతా ఆ మాటల్లోనే గడిచింది, సంగీతం ఊసే లేదు.

శనివారం, బోస్టన్ దారి

బస్సు రెండు గంటలు లేటు. ఏ బస్సో అడక్కండి. పేవ్‌మెంట్ మీద సూట్‌కేసుల మీద కూర్చుని మిగిలిన జంతికలు అయిపోగొట్టాం. ఆ రెండు గంటల్లోనే చిన్ని ఫోన్లో నా తెగిపోయిన పాట చివరిదాకా విన్నాను. ముప్పై ఏళ్ళ బాకీ. పాత రోజులే బాగున్నాయని పాడేవాళ్ళని ఎగతాళి చేసే పాట అది. పాడినవాడికి అప్పటికి ఇరవై ఒకటో ఇరవై రెండో. నాకు చురుక్కుమంది.

బోస్టన్‌లో దిగేసరికి చలి. సౌత్ స్టేషన్ దగ్గరే గ్యాలరీ ఈస్ట్ అనే బొమ్మల గ్యాలరీ ఉండేది, ఇక్కడి పిల్లల తొలి కచేరీలు అందులోనే. పక్కనంతా తోలు గిడ్డంగుల పేట, ఇప్పుడు అపార్టుమెంట్లు. వణుక్కుంటూ స్టేట్ హౌస్ దాకా నడిచాం. బంగారు గుమ్మటం, కింద వెడల్పాటి మెట్లు. ఎస్ఎస్‌డీ అనే బ్యాండు 1982 ఆల్బమ్ అట్ట మీద గుంపుగా పిల్లలు ఈ మెట్లెక్కి అసెంబ్లీ మీదకి దూసుకుపోతుంటారు. వాషింగ్టన్ నుంచి అందుకున్న స్ట్రెయిట్ ఎడ్జ్‌ని బోస్టన్ వాళ్ళు కండబలం చేశారు. గుండు, కసరత్తు, గుంపు. ఇంకొకడి చేతిలో బీరు తన్నేసేవాళ్ళన్న కథలు ఇప్పటికీ చెప్పుకుంటారు. అదే ఏడాది వచ్చిన ఊరి బ్యాండ్ల సంకలనానికి పెట్టిన పేరు చూడండి: 'దిస్ ఈజ్ బోస్టన్, నాట్ ఎల్.ఏ.' ఇది బోస్టన్, లాస్ ఏంజలెస్ కాదు! కృష్ణా జిల్లావాళ్ళ మీద గుంటూరువాళ్ళు వేసే బోర్డులా లేదూ?

వాషింగ్టన్ వాడు తన చేతి మీద తను గీసుకున్న గీతని బోస్టన్ వాడు ఎదుటివాడి చేతి మీద గీయబోయాడు. ఈ ఊరితో నా పేచీ అది. రెండేళ్ళు తిరిగేసరికి ఆ బ్యాండ్లే జుట్టు పెంచి మెటల్ వైపు పోయాయి. 1984లో దేశమంతా మందుకి 21 ఏళ్ళని చట్టమొచ్చాక బార్లలో పిల్లలకి దారి ఇంకా మూసుకుంది. మరి ఈ సంగీతం బతికిందెక్కడ? శివార్లలో అద్దె హాళ్ళలో. ఆ హాళ్ళలో పెరిగిన తర్వాతి తరంలోంచే బోస్టన్ దగ్గరి సేలంలో 1990లో కన్వర్జ్ అనే బ్యాండు పుట్టింది. 2009లో విడిపోయిన హ్యావ్ హార్ట్ అనే బ్యాండు పదేళ్ళకి వూస్టర్‌లో మళ్ళీ కలిసి వాయిస్తే ఆరుబయట వేలమంది కమ్ముకున్నారు. చిన్ని అప్పటికి హైస్కూల్లో ఉంది. వాళ్ళమ్మ పంపలేదు. ఇప్పటికీ కోపమే.

ఆదివారం, మ్యాట్నీ

బోస్టన్ నుంచి నలభై నిమిషాలు, చిన్న ఊరు. మాజీ సైనికుల సంఘం హాలు. మన కమ్యూనిటీ హాలు ఎలా ఉంటుందో అలాగే ఉంది: గోడకి ఆనించిన మడత కుర్చీలు, మూలన జెండా, గోడ మీద హౌసీ ఆట నంబర్ల బోర్డు. మధ్యాహ్నం రెండింటికి ఆట, ఐదు బ్యాండ్లు, టికెట్ పదిహేను డాలర్లు. గుమ్మం దగ్గర మడత బల్ల వెనక పదహారేళ్ళ అమ్మాయి నా జుట్టు చూసి, "ఎవరి డాడీ మీరు?" అని అడిగింది. మావయ్యని అన్నాను. ఆ మాటకి ఇంగ్లీషులో బరువు లేదు.

స్టేజీ లేదు. నేల మీద పాత కార్పెట్టు ముక్క, కదలకుండా నాలుగంచులా టేపు. దాని మీద డ్రమ్స్. డ్రమ్మరు కిక్ డ్రమ్ జారిపోకుండా ముందు ఒక సిమెంటు ఇటుక పెట్టాడు. మైకు పట్టుకున్న అమ్మాయికీ ముందు వరసకీ మధ్య మూరెడు దూరం. పాట మొదలయ్యాక అదీ లేదు, మైకు నలుగురి నోళ్ళ మధ్య తిరుగుతోంది. మనూరి హాల్లో తెర ముందు నేల మీద కూర్చునేవాళ్ళకి హీరో కాలిబూటు తప్ప ఏమీ కనబడేది కాదు. ఇక్కడ నేల టికెట్ వాళ్ళే హీరోలు.

బ్యాండుకి ఇరవై నిమిషాలు. రెండో బ్యాండు వాయించింది అచ్చం న్యూయార్క్ బరువు. మూడోవాళ్ళు వాషింగ్టన్ 1985 ఏడుపు. అందరూ ఈ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే. ఫోన్లో అన్ని ఊళ్ళూ అన్ని దశాబ్దాలూ దొరుకుతుంటే ఇంక ఏ ఊరి పాట ఏదని ఏం పట్టుకుంటాం? చెవికి దొరకలేదు. గుమ్మం దగ్గర మాత్రం దొరికింది. బల్ల మీద అట్టముక్క అంటించారు: ఎవరైనా ఇబ్బంది పెడితే ఎవరికి చెప్పాలో, ఏమేం సహించరో. రివింగ్టన్ స్ట్రీట్ నుంచి నడిచొచ్చిన కాగితం. పక్కనే రికార్డులమ్మే బల్ల మీద క్యాసెట్లు కూడా ఉన్నాయి! ఎనిమిది డాలర్లు పెట్టి ఒకటి కొన్నాను. రెండు వైపులా కలిపి పదకొండు నిమిషాలట. తెగే ప్రమాదం లేదు.

నాలుగో బ్యాండు తీగలు సరిచేసుకుంటుండగా చిన్ని జాకెట్టు విప్పింది. కళ్ళజోడు తీసి అందులో చుట్టి, ఫోనుతో సహా నా చేతుల్లో పెట్టింది.

"పట్టుకో మావయ్యా." రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి, తన మాట తనకే గుర్తొచ్చినట్టు పెద్దగా నవ్వింది. అంతలో డ్రమ్స్ మొదలయ్యాయి, జడ ఒక్కటే కనబడుతోంది, అది కూడా కాసేపే.

నేను గోడకి చేరగిలబడ్డాను. పక్కన ఒక కుర్రాడు నన్ను చూశాడు, నా చేతిలో జాకెట్టు చూశాడు, తన కోటు విప్పి మొహమాటంగా చాపాడు. తీసుకున్నాను. అది చూసి ఇంకో పిల్ల టోపీ, స్వెట్టరు ఇచ్చింది. ఐదో బ్యాండు అయిపోయేసరికి నా చేతుల మీద నాలుగు జాకెట్లు, రెండు కళ్ళజోళ్ళు, ఒక ఇన్‌హేలరు. అడుగున ఎక్కడో చిన్ని ఫోను గుర్రు గుర్రుమంటోంది. అక్క వీడియో కాల్. ఎత్తుదామంటే ఒక్క చెయ్యి కూడా ఖాళీ లేదు.